ఐదు మిస్డ్ కాల్స్

నా ఉద్యోగం తలలు కొలవడం. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా టేపు పెట్టి కొలుస్తాను, మైనపు పెన్సిలుతో చుక్కలు పెడతాను, ఒక్కో చుక్క మీదా జిగురు రాసి తీగ అతికిస్తాను. ఆ తీగలు మోసుకొచ్చే మెదడు గీతలు పక్క గదిలో నా కంప్యూటర్ మీద బారులు తీరి పాకుతుంటాయి. నిద్ర పరీక్షల కేంద్రంలో పదకొండేళ్లుగా ఇదే పని. తలకు నూనె రాసుకోవద్దని మూడుసార్లు ఫోన్ చేసి చెప్పినా జిడ్డు ఓడ్చుకుంటూ వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇంట్లో నన్ను 'టేపు' అంటారు. మా అన్నయ్య పెట్టిన పేరు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నయ్య నిద్ర సంగతి. అంతకంటే ఎక్కువగా, వదిన ఉద్యోగం సంగతి.

వదిన కాన్పుల నర్సు. పగలంతా క్లినిక్‌లో ఉంటుంది. మిగతా వేళల్లో ఎవరికి నొప్పులు మొదలైనా ముందు మోగేది ఆవిడ ఫోనే. ఇరవై రెండేళ్లుగా ఆ ఫోన్ ఆవిడ దిండు పక్కనే ఉంటోంది. పాత టెలిఫోన్ గంట మోత పెట్టుకుంది. "పాట పెట్టుకుంటే వింటూ పడుకుంటానేమోనని భయం" అంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ మోతకి అదిరిపడి అన్నయ్య మంచం మీంచి దొర్లి కింద పడ్డాడు. ఆ మాట తలుచుకుని వదినా నేనూ ఇప్పటికీ నవ్వుకుంటాం. ఆవిడ మాత్రం రెండో గంట మోగేలోపే ఫోన్ ఎత్తి, "ఆఁ, చెప్పమ్మా" అనేది.

అలాంటి మనిషి ఎనిమిది నెలల కిందట ఒక రాత్రి లేవలేదు. తెల్లారి చూసుకుంటే ఐదు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చేసినవాడు ఒక లారీ మెకానిక్. అతని భార్యకి తొలి కాన్పు. వదిన ఎంతకీ ఎత్తకపోయేసరికి భార్యని టాక్సీలో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. కాన్పు దారిలోనే అయిపోయింది. బిడ్డకి ఏమీ కాలేదు. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. గర్భసంచి తీసేస్తే గాని ప్రాణం దక్కలేదు. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లు.

క్లినిక్‌లో ఎవరూ వదినని పల్లెత్తు మాట అనలేదు. వరసగా రెండు రాత్రులు కాన్పులు చేసొచ్చిన మనిషి, ఒళ్లు తెలియకుండా పడుకుంది, ఎవరికైనా జరుగుతుంది అన్నారు. ఆవిడ మాత్రం తనని తాను వదిలిపెట్టలేదు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన అద్దాల గదిలో కూచోబెట్టి అన్ని రకాల శబ్దాలూ వినిపించి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మరొకరైతే సంతోషించేవారు. వదిన ఇంటికొచ్చి ఏడ్చింది.

"చెవులు బాగున్నాయంటే బుర్రే లేవట్లేదన్నమాట," అంది నాతో. "గంట నెత్తిన మోగినా లేవనిదాన్ని నమ్ముకుని ఎవరైనా కనొచ్చా అమ్మాయ్?"

రేడియేషన్ మాట అన్నయ్య ఎత్తింది అప్పుడే. అన్నేళ్లు తల పక్కన ఫోన్ పెట్టుకుని పడుకుంటే ఆ కిరణాలకి మెదడు మొద్దుబారదా, నీ తప్పు ఏమీ లేదు, తప్పంతా ఫోన్‌దే అని వదినకి నూరిపోశాడు. తనకి నిద్ర పట్టకపోవడానికీ అదే కారణమన్నాడు. నిజంగానే ఆ రోజుల నుంచే అన్నయ్యకి నిద్ర కరువైంది. కళ్లు గుంటలు పడ్డాయి. లేత్ మిషన్ మీద పని చేస్తూ కునుకు తీసి, బొటనవేలి గోరు పోగొట్టుకున్నాడు. గోరుతో పోయింది కాబట్టి సరిపోయింది, ఇంకో రెండంగుళాలు జరిగుంటే చెయ్యే లేదు.

"ఒకే కిరణాలు ఆవిడని లేవనివ్వకుండా, నిన్ను పడుకోనివ్వకుండా ఎలా చేస్తాయి నాయనా?" అని అడిగాను.

"ఒక్కో తల ఒక్కో రకం. రోజూ కొలిచేదానివి, నీకే తెలియాలి," అన్నాడు.

ఎవరెవరో పంపిన వీడియోలన్నీ నాకు పంపేవాడు. ఫోన్ పక్కన పెడితే గుడ్డు ఉడికిందని ఒకటి, మొక్క వాడిపోయిందని ఒకటి. నేను కసురుకునేదాన్ని. కానీ వాటిని చూసేటప్పుడు అన్నయ్య మొహంలో కనిపించే ఆశ చూస్తే జాలేసేది. ఎవరో ఒకరు, ఏదో ఒక యంత్రం, తప్పు ఫోన్‌దేనని తేల్చి చెప్పాలి. అప్పుడు వదిన కుదుటపడుతుందని అన్నయ్య ఆశ.

కుదుటపడటం మాట అటుంచి, వదిన ఉద్యోగం మానేస్తానంటూ ఉత్తరం రాసిపెట్టుకుంది. "తప్పు నాదైతే నేను ఆ పని చెయ్యకూడదు. ఫోన్‌దైతే ఫోన్ తల దగ్గర పెట్టుకోకూడదు. ఫోన్ లేకుండా ఆ పని చెయ్యలేను. ఎటు తిరిగినా ఒకటే," అంది. వచ్చే నెల మొదటి సోమవారం ఇస్తానంది. వంద మంది చెప్పినా వినే రకం కాదు. ఆ పని తప్ప ఇంకోటి ఎరగని మనిషి, అది మానేసి ఏమైపోతుందోనని నా భయం.

సరిగ్గా అప్పుడే మా కేంద్రంలో ఒక పరీక్ష నడుస్తోంది. సెల్‌ఫోన్ రేడియేషన్ వల్ల నిద్రలోనూ మెదడు గీతల్లోనూ తేడా వస్తుందా రాదా అని చూడటం. వచ్చినవాళ్లకి వారం తేడాతో రెండు మధ్యాహ్నాలు, గంటన్నర చొప్పున నిద్ర. చెవి పక్కన పట్టీతో ఒక నల్ల పెట్టె కడతాం. అందులో ఫోన్ ఉంటుంది. ఒక మధ్యాహ్నం అది కిరణాలు వదులుతుంది, ఇంకో మధ్యాహ్నం ఊరికే ఉంటుంది. ఏది ఎప్పుడో పడుకునేవాళ్లకి తెలీదు, నాకూ తెలీదు. డాక్టరమ్మ గదిలోని కంప్యూటర్‌కి మాత్రమే తెలుసు. తెలిస్తే నా చూపు మారుతుంది, నా చూపు మారితే లెక్క మారుతుంది, అందుకని.

అన్నయ్యని అందులో చేర్చాను. చేరేవాళ్లు నింపే కాగితంలో 'సిబ్బందిలో ఎవరికైనా బంధువా?' అని ఒక ప్రశ్న ఉంది. 'కాదు' అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. రూలంటే రూలని అందరినీ సాధించే నేను, మా అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి అంత తేలిగ్గా అబద్ధమాడాను.

మొదటి మధ్యాహ్నం అన్నయ్య తల బాగా తోముకుని, అద్దంలా చేసుకుని వచ్చాడు. తీగలన్నీ అతికించి పెట్టె కట్టాను. దీపం ఆర్పిన ఆరు నిమిషాల్లో నిద్రలోకి జారుకున్నాడు. గంటన్నరా కదల్లేదు. గీతలు పెద్ద పెద్ద అలల్లా లేచి పడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిది నెలల తర్వాత వాడలా పడుకోవడం అదే మొదటిసారేమో.

లేపాక ఒళ్లు విరుచుకుని, "ఇవాళ పెట్టె ఊరికే ఉంది. ఒట్టేసి చెప్తాను," అన్నాడు. పెట్టె పని చేసిందో లేదో ఊహించి రాయమనే కాగితం మీదా అదే రాశాడు.

రెండో మధ్యాహ్నం ఒక శనివారం. సోమవారం వదిన ఉత్తరం ఇచ్చే రోజు. అన్నయ్య ఒక గదిలో, పక్క గదిలో పరీక్షకే వచ్చిన ఒక పెద్దాయన, రాత్రి కాపలా ఉద్యోగం ఆయనది. ఇద్దరూ మంచి నిద్రలో ఉన్నారు. మా కేంద్రంలో ఎవరి ఫోనైనా గుమ్మం దగ్గరి అలమరాలోకి పోవాల్సిందే. కానీ ఆ రోజు వరండాలో ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్‌ని అడగడం మర్చిపోయాను. సరిగ్గా అన్నయ్య గది బయట అతని జేబులో ఫోన్ మోగింది. పాత టెలిఫోన్ గంట.

పెద్దాయన గీతల్లో ఒక చిన్న ముడి లేచి అణిగిపోయింది. చప్పుడు విన్న మెదడు ఒకసారి చెవి రిక్కించి మళ్లీ పడుకున్నట్టు. అన్నయ్య గీతలు మాత్రం ఒక్కసారిగా నల్లగా అలుక్కుపోయాయి. నేను పరిగెత్తి వెళ్లేసరికి మంచం దిగి నిలబడ్డాడు. తీగలు సగం ఊడి వేలాడుతున్నాయి. ఖాళీ మంచాన్ని రెండు చేతులతో తడుముతున్నాడు.

"లే! లేవవే! మోగుతోంది! ఈసారి మోగుతోంది!"

నేను దీపం వేశాను. నన్ను చూసి, గదిని చూసి, మంచం అంచున కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

'ఈసారి' అన్న మాట నా చెవిలో పడింది. కానీ అప్పుడేమీ అడగలేదు. జిగురు ఆరితే వెంట్రుకలు ఊడొస్తాయి, ముందు తల కడగాలి. సింకు ముందు కుర్చీలో కూచోబెట్టి, తల వంచమని, గోరువెచ్చటి నీళ్లు పోస్తూ వేళ్లతో జిగురు వదిలిస్తున్నాను. ఇంట్లో మా ఇద్దరికీ ఎదురెదురుగా కూచుని మాట్లాడుకోవడం చేతకాదు. తల సింకులో ఉండబట్టి, నా మొహం కనబడకపోబట్టి చెప్పగలిగాడనుకుంటాను.

"టేపూ, ఆ రాత్రి ఫోన్ మోగలేదే."

నా చేతులు ఆగిపోయాయి.

"నేనే ఫోన్ పక్కనున్న మీట కిందికి జరిపి సైలెంట్‌లో పెట్టాను. రెండు రాత్రులైంది అది కన్ను మూసి. కాళ్లు వాచిపోయాయి. అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ కంచం ముందే తూగిపోయింది. ఒక్క రాత్రి పడుకోనీలే అనుకున్నాను. నేను మేలుకుని ఫోన్ చూస్తుందామనుకున్నాను. పన్నెండు దాకా చూశాను కూడా. తర్వాత నాకే కళ్లు మూసుకుపోయాయి."

"పొద్దున?"

"నేనే ముందు లేచాను. ఐదు కాల్స్ కనబడ్డాయి. మీట మళ్లీ పైకి జరిపేశాను. జరిపి, ఫోన్ మోగినట్టుంది చూడవే అని దాన్ని లేపాను."

కుళాయి కట్టేశాను. అన్నయ్య తల ఎత్తలేదు. జుట్టులోంచి నీళ్లు సింకులోకి కారుతున్నాయి.

"అప్పటి నుంచీ కన్ను మూస్తే చాలు, మోగుతోందేమో, నేను వినట్లేదేమో అనిపిస్తుంది. రాత్రికి పదిసార్లు లేచి మీట చూస్తాను. ఇక్కడైతే వినాల్సిన పని లేదు కదా, అందుకే పడుకున్నాను. చెప్దామనుకుంటూనే ఉన్నాను టేపూ. మొదటిరోజు చెప్పలేకపోయాను. రెండోరోజుకి అది ఇంకా పెద్దదైపోయింది. తర్వాత దాన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాక ఇంక నోరెలా వస్తుంది?"

కోపం వచ్చింది. తడి తల మీద ఒక్కటివ్వాలనిపించింది. తువ్వాలు మీద పడేసి, "తుడుచుకుని బయట కూచో. నేను కూడా ఒక చోట ఒప్పుకోవాల్సింది ఉంది," అన్నాను.

డాక్టరమ్మ ముందు నిలబడి అతను మా అన్నయ్యేనని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత చీవాట్లు మొదలుపెట్టింది. పదకొండేళ్లలో నేను తిననివన్నీ కలిపి ఒక్కసారే పెట్టింది. పెట్టాల్సిందే. అన్నయ్య రెండు మధ్యాహ్నాలనీ పరీక్షలోంచి కొట్టేసింది. కొట్టేసినవాటి గుట్టు చూడొచ్చు కాబట్టి, కంప్యూటర్‌లో చూసి చెప్పింది: మొదటి మధ్యాహ్నం పెట్టె పని చేస్తూనే ఉంది. ఒట్టేసి చెప్పిన మనిషి గంటన్నర సేపు కిరణాల పక్కన హాయిగా పడుకున్నాడన్నమాట.

"అయితే ఫోన్ వల్ల ఏమీ కాదనేగా మేడమ్?" అన్నాను.

"ఒక్క మనిషి ఒక్క నిద్రతో ఏం తేలుతుంది? ఇదివరకు చేసినవాళ్లకి కొందరి గీతల్లో చిన్న తేడా కనిపించింది, కొందరిలో కనిపించలేదు. దానివల్ల నిద్ర చెడుతుందని గట్టిగా చెప్పేంత ఆధారం లేదు. ఇంక చూడక్కర్లేదనేంత ధైర్యమూ నాకు లేదు. అందుకే కదా ఇన్ని తలలు కొలుస్తున్నాం," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ అన్నయ్య నిద్రకి కావాల్సింది నా దగ్గర లేదమ్మా," అంది.

సాయంత్రం అన్నయ్యతో పాటు నేనూ వాళ్లింటికి వెళ్లాను. వదిన తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తోంది. ఇంకా రెండు రోజులే వేసుకోబోయే కోట్లకి ఎవరు అంత శ్రద్ధగా ఇస్త్రీ చేస్తారు అనుకున్నాను. అన్నయ్య గుమ్మంలోనే నిలబడి, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాడు. సగం పదాలు మింగేశాడు గాని, విషయం ఎక్కడా దాచలేదు.

వదిన ముందు ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. కోటు మడిచి పక్కన పెట్టింది. అప్పుడు, నొప్పులతో వచ్చినవాళ్లని అడిగేటంత నెమ్మదిగా అడిగింది.

"ఎన్నింటికి సైలెంట్‌లో పెట్టారు?"

"పదిన్నరకి."

"మళ్లీ ఎన్నింటికి తీశారు?"

"ఐదుంబావుకి."

"అంటే ఆ రాత్రి అది మోగలేదు."

"లేదు."

"మోగుంటే నేను లేచేదాన్ని."

అది ఆవిడ ఎవరినీ అడగలేదు. తనలో తను అనుకుంది. ఆవిడ భగ్గుమంటుందని నేను కాచుకుని ఉన్నాను. కానీ మొహంలోకి ముందొచ్చింది కోపం కాదు. ఎనిమిది నెలలుగా బిగబట్టుకున్న ఊపిరి ఒక్కసారి వదిలినట్టు భుజాలు దిగాయి. అది చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. ఆ రోజు అన్నయ్య నిజం చెప్పుంటే ఈ మనిషి ఇన్ని నెలలు తన బుర్రని తనే అనుమానిస్తూ బతకాల్సిన పని లేదు కదా అని దుఃఖం ముంచుకొచ్చింది.

కోపం ఆ తర్వాత వచ్చింది.

"పడుకోనివ్వాలని చేశారు. అది జాలి. అది ఆ పొద్దున్నే చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్నేమో. మీట పైకి జరిపి నన్ను లేపారే, అది జాలి కాదు. చెవుల పరీక్షకి మీరే తీసుకెళ్లారు. లోపల నేను ఏ చప్పుడు వినబడకుండా పోతుందో అని వణికిపోతుంటే మీరు బయట బెంచీ మీద కూచున్నారు. ఎలా కూచున్నారండీ?"

అన్నయ్య ఏడ్చాడు. వదిన ఓదార్చలేదు.

"రేపు పొద్దున ఆ పిల్ల దగ్గరికి వెళ్తున్నాం. ఇప్పుడు నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా, ఆవిడకీ ఆవిడ మొగుడికీ చెప్పాలి. నిద్రపోతే తప్పేముంది అక్కా, మనుషులమే కదా అని ఆవిడ నన్ను ఓదారుస్తోంది ఇన్నాళ్లూ," అంది.

ఆ రాత్రి నన్ను అక్కడే ఉండమంది. అన్నయ్యని ముందుగదిలో సోఫా మీద పడుకోమంది. వాడు పొద్దున ఏడు దాకా గురక పెట్టి పడుకున్నాడు. "చూడు, నాకు చెప్పేసి తను హాయిగా నిద్రపోతున్నాడు," అని వదిన పళ్లు నూరింది. అయినా దుప్పటి జారితే పైకి లాగింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ ఆ లారీ మెకానిక్ ఇంటికి వెళ్లి, గంట తర్వాత వచ్చారు. అన్నయ్య తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడక్కుండానే గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. ఏమైందని వదినని అడిగాను.

"ఆ పిల్ల మొగుడు ఒక మాట తూలాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఈయన్ని గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం వింది. విన్నాక, మీరు వెళ్లండి, అక్కని మాత్రం అప్పుడప్పుడు రానివ్వండి అంది," అని చెప్పి, అలిసిపోయానంటూ వెళ్లి మంచం మీద వాలింది. ఫోన్ దిండు పక్కన పెట్టుకుంది. తలుపు దగ్గరగా వేశాను.

మధ్యాహ్నం మూడయింది. నేను ముందుగదిలో కూచుని పేపరు తిప్పుతున్నాను. లోపలి నుంచి సన్నగా గురక వినబడుతోంది. మంచి గాఢనిద్ర, నా గీతల మీదైతే పెద్ద పెద్ద అలలు లేచే నిద్ర.

ఫోన్ మోగింది. అన్నయ్య వంటింట్లోంచి తడి చేతులతో బయటికి వచ్చేశాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఇద్దరం తలుపు వైపు చూస్తూ అలాగే ఉండిపోయాం. లోపలికి వెళ్లి లేపుదామా అన్నంత కంగారు. లేపకూడదు. ఎవరూ లేపకూడదు.

మోత మధ్యలో తెగింది.

"ఆఁ, చెప్పమ్మా. ఎంతసేపటికి ఒకసారి వస్తున్నాయి? నడవగలుగుతున్నావా? భయపడకు, పదిహేను నిమిషాల్లో అక్కడుంటాను."

వదిన సంచీ భుజాన వేసుకుని, కోటుకి బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చింది. గొంతు ఎంత నిబ్బరంగా ఉందో, కళ్లలోంచి నీళ్లు అంత ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"విన్నావా అమ్మాయ్? ఎన్ని గంటలు మోగింది?"

"ఒక్కటి కూడా పూర్తిగా మోగలేదు వదినా."

"పూర్తిగా మోగలేదు కదూ?"

"లేదు వదినా."

తల ఊపింది. ఇంకొకసారి అడిగింది. నేను ఇంకొకసారి చెప్పాను. అప్పుడు అన్నయ్య వైపు తిరగకుండానే, "బండి తియ్యండి, అక్కడ నొప్పులతో ఆ పిల్ల ఒక్కతే ఉంది," అంది.